పంతొమ్మిదో అంకె

మా ఆడపడుచు ఆస్పత్రి కంప్యూటర్ గదికి పనిమీద వచ్చిన రోజే, సాయంత్రం నాలుగింటికి డాక్టరమ్మ మా పాప చిట్టికి తీసిన గుండె స్కాన్లు చూస్తానంది. పుట్టినప్పటి నుంచి మొన్న మంగళవారం దాకా తీసిన పదకొండూ పక్కపక్కన పెట్టి చూస్తేగాని ఆపరేషన్ కావాలో వద్దో తేలదట. తొమ్మిది నెలల పిల్ల. మంగళవారం దానికి మత్తిచ్చి తీశారు. అది కళ్ళు తెరిచేదాకా నా ప్రాణం నాలో లేదు.

ఆ స్కాన్లన్నీ రోజూ నేను తుడిచే ఈ చల్లటి కంప్యూటర్ గదిలోనే ఉన్నాయని ఆ మధ్యాహ్నమే తెలిసింది.

"వదినా, ఆ చీపురు పక్కన పడేసి ఇలా కూచో. నాతో రావలసినవాడు రాలేదు. ఆ స్క్రీన్ మీద నంబర్లు చదివి పెట్టు."

"నేనా? ఎనిమిదిలో మానేసిన చదువమ్మా నాది. ఏదన్నా అయితే మీ అన్నయ్య నన్ను బతకనిస్తాడా?"

"మా అన్నయ్య పదో తరగతి మూడుసార్లు తప్పాడు. నువ్వు చదువు."

రెండు నల్లటి మెషిన్లు, వాటి మధ్య డిస్కుల పెట్టె. రెండు మెషిన్లూ ఒకే డిస్కును వాడుకుంటాయట. ఒకటి ఆగిపోతే రెండోది పని అందుకుంటుందట.

"రెండూ ఒకేసారి అందులో రాస్తే కలగాపులగం కాదూ?"

"చిట్టిని నా చేతికిచ్చేటప్పుడు ఏం చేస్తావ్? నేను గట్టిగా పట్టుకున్నానని తెలిస్తేగాని వదలవు. ఇవీ అంతే. ఒకదాన్నొకటి అడక్కుండా ఏదీ ముట్టుకోవు."

ఎన్ని రోజులు వాటి మీద దుమ్ము దులిపానో! లోపల ఇంత మర్యాద నడుస్తోందని ఎవరూ చెప్పలేదు.

ఆ రోజు పని కొత్త డిస్కును శుభ్రంగా తుడిచి, అంటే అందులో ఏమున్నా చెరిపేసి, పాత డిస్కులో ఉన్నదంతా అందులోకి మార్చడం.

"పొరపాటున పాతది తుడిచేస్తే?" అన్నాను.

"నోరు మంచిది చేసుకో. ఆదివారం తీసిన కాపీ ఉందిలే. ఆ తర్వాతవే ఉండవు."

మంగళవారం ఆదివారం తర్వాతే కదా. చిట్టి చివరి స్కాన్ ఆ కాపీలో లేనట్టే.

తను రెండో మెషిన్ ముందు కూచుంది, నేను మొదటిదాని ముందు. "వరసలో మూడోది కొత్త డిస్కు. దాని నంబరులో చివరి నాలుగు అంకెలు చెప్పు, చాలు."

చెప్పాను. తన స్క్రీన్ మీదివాటితో కలిశాయి. తన వేలు తుడిచే మీటమీదికి వెళ్ళింది.

"ఆగాగు. మొదటి నుంచి చదువుతాను."

"ముప్పై రెండు అంకెలే తల్లీ!"

"చదువుతాను."

చిట్టి పుట్టినప్పుడు నర్సు చెప్పిన మాట అది. దాని చేతి పట్టీ మీది నంబరూ నా పట్టీ మీది నంబరూ మొదటి నుంచి చివరిదాకా కలిస్తేనే పాపను ఒళ్ళో పెట్టేది. ఆ పట్టీ ఇప్పటికీ నా సంచిలోనే ఉంది.

స్క్రీన్ మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చదివాను. తను విసుగ్గా "ఊ... ఊ..." అంటోంది. పంతొమ్మిదో అంకె దగ్గర "ఊ" రాలేదు.

"మళ్ళీ చెప్పు."

"నాలుగు."

"ఇక్కడ తొమ్మిదుంది."

తను రెండు చేతులూ తీసి ఒళ్ళో పెట్టుకుంది. వరస ఒక్కో మెషిన్‌లో ఒక్కోలా ఉంటుందట. ఒకే పెట్టెలోవి కాబట్టి రెండు డిస్కుల నంబర్లకూ ఆ ఒక్క అంకే తేడా అట. "ఇక్కడ మూడోది పాత డిస్కు వదినా."

"అంటే అందులో..."

"చిట్టి ఉంది."

తర్వాత తను ఒక్కో నంబరుకూ ఒక్కో పేరు పెట్టి, రెండు మెషిన్లూ ఒక డిస్కును ఒకే పేరుతో పిలిచేలా రాసింది. ప్రతి నంబరూ నాచేత రెండుసార్లు చదివించింది. ఈసారి విసుక్కోలేదు.

మూడున్నరకల్లా అంతా కొత్తదాంట్లోకి చేరింది. తను మంగళవారం స్కాన్ తెరిచింది. బూడిదరంగు తెర మీద, గుప్పెడంత కూడా లేని నా బిడ్డ గుండె తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంది.

"ఈ బొమ్మ మొదటి మెషిన్ పంపుతోంది. రెండోది అందుకుంటుందో లేదో చూద్దాం, ఇప్పుడు మొదటిదాని కరెంటు తీగ పీకెయ్."

"నా వల్ల కాదు."

"నంబరు చదివింది నువ్వే. నువ్వే పీకు."

కళ్ళు మూసుకుని లాగాను. మెషిన్ నిట్టూర్చి చల్లబడింది. కళ్ళు తెరిస్తే తెర మీద గుండె కదలడం లేదు. ఒకటి, రెండు, మూడు... ఏడు లెక్కపెట్టాను.

ఎనిమిదికి మళ్ళీ కొట్టుకుంది.

ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడి నుంచే. ఏ చేయి వదిలిందో, ఏ చేయి అందుకుందో నాకు కనపడనే లేదు.

"ఊపిరి పీల్చుకో వదినా," అంది మా ఆడపడుచు. తీగ ఇంకా నా పిడికిట్లోనే ఉంది.

నాలుగింటికి డాక్టరమ్మ తన గదిలో స్కాన్లు వరసగా తెరిచింది. వేలితో లెక్కపెట్టాను. పదకొండు. చివరిది మంగళవారానిదే.