లాగి చూసిన తాళం

నాకు తాళం లాగి చూసే అలవాటు ఉంది. ఇంటికి తాళం వేసి నాలుగడుగులు వేస్తాను, వెనక్కి వచ్చి ఒకసారి లాగుతాను. వీధి మలుపు దాకా వెళ్ళాక మళ్ళీ అనుమానం వస్తుంది, మళ్ళీ వచ్చి లాగుతాను. "అమ్మా, ఏదో ఒకరోజు అది నీ చేతిలోకే ఊడొస్తుంది" అని మా అమ్మాయి నవ్వుతుంది. ఊడితే నా చేతిలోనే కదా ఊడేది, దొంగ చేతిలో కాదుగా అంటాను.

ఇంత పిరికిదాన్ని, నా కష్టార్జితమంతా ఫోన్లోని వాలెట్‌లో ఎలా పేరుకోనిచ్చానో నాకే తెలీదు. ముందుగదిలో కుట్టుమిషన్ పెట్టుకుని ప్యాంట్లు పొట్టి చేస్తాను, జిప్పులు మారుస్తాను, చిరుగులు కుడతాను. ఇదివరకు జనం నోట్లు చేతిలో పెట్టేవాళ్ళు. అమ్మాయి మిషన్‌కి కోడ్ ఉన్న అట్ట అంటించింది మొదలు అందరూ ఫోన్ చూపించి, టింగుమనిపించి వెళ్ళిపోతున్నారు. ఆ టింగులన్నీ చేరి చేరి, కళ్ళద్దాల కొలతలు చూసే కోర్సులో అమ్మాయి సీటుకు సరిపడా అయ్యాయి.

అక్కడ మొదలైంది నా తికమక.

"అంతా అందులోనే ఉంచకమ్మా. అది బ్యాంకు కాదు. ఖర్చులకు కాస్త ఉంచుకుని మిగతాది బ్యాంకుకి పంపేయ్" అంటుంది అమ్మాయి.

పంపితే దారిలో ఎక్కడైనా ఆగిపోతే? ఒక అంకె తప్పు పడి ఎవరికో చేరితే? వాళ్ళ తలుపు ఎక్కడని కొట్టను?

పక్క వాటాలో మా ఆయన అక్క ఉంటుంది. ఆవిడది ఇంకో మాట. "కంటికి కనపడనిది డబ్బేంటే మరదలా! నాలా నోట్లు తెచ్చి దిండు గలీబులో పెట్టుకో. హాయిగా నిద్ర పడుతుంది."

"ఇల్లు అంటుకుంటే వదినా?"

"దిండు కాలితే దాని మీద నా తల కూడా ఉంటుంది కదే. ఇంక డబ్బెందుకు నాకు?"

మా ఆయన సరుకుల వ్యాన్ నడుపుతాడు. అడిగితే, "ఎక్కడుంటే ఏంటి, ఉండటం ముఖ్యం" అని వ్యాన్ తాళాలు తీసుకుని వెళ్ళిపోయాడు. ముగ్గురు చెప్పిందీ నిజమే అనిపించేది. ఒక్కరిదైనా అబద్ధమైతే నాకు సుఖంగా ఉండేది.

ఫీజు కట్టే ఆఖరి రోజు వచ్చేసింది. సాయంత్రం ఆఫీసు మూసేలోగా కట్టకపోతే సీటు వెనకవాళ్ళకి పోతుంది. అమ్మాయి పొద్దున్నే సర్టిఫికెట్లు పట్టుకుని వెళ్ళింది. "నేను లైన్లో ఉంటాను, నువ్వు మధ్యాహ్నం ఫోన్ పట్టుకుని వచ్చేయ్. దారిలో దాన్ని కెలక్కు" అని మరీ చెప్పింది.

నేను దారిలో కెలకలేదు. గుమ్మంలోనే కెలికాను.

తలుపుకి తాళం వేసి లాగి చూశాను. గట్టిగానే ఉంది. మరి ఫోన్లో వాలెట్ తాళమో? ఇంత డబ్బు అందులో పెట్టుకుని ఒక్కసారైనా లాగి చూశానా? దొంగ అయితే ఏ నంబర్ కొడతాడా అని ఆలోచించి మా ఇంటి నంబర్ కొట్టాను. కుదరదంది. ప్రాణం లేచొచ్చింది. అమ్మాయి పుట్టిన సంవత్సరం కొట్టాను. కుదరదంది. శభాష్ అనుకున్నాను. ఇంకొక్కసారి, అన్నీ సున్నాలు కొట్టాను. అంతే, తెర ఎర్రబడింది. ఎవరో చొరబడాలని చూస్తున్నందువల్ల ఖాతా మూసేశారట. రేపు ఇదే వేళకి తెరుచుకుంటుందట.

మెట్టు మీద కూలబడ్డాను. కంపెనీ వాళ్ళకి ఫోన్ చేస్తే చాలాసేపు పాట వినిపించి ఒక అమ్మాయి పలికింది.

"భయపడకండమ్మా, మీ డబ్బు భద్రంగా ఉంది. ఎవరో తప్పు పిన్ కొట్టారు."

"ఆ ఎవరో నేనే తల్లీ!"

"మీరేనని మాకెలా తెలుస్తుందమ్మా? మీ భద్రత కోసమే రేపటిదాకా ఆగాలి."

నా డబ్బుని నా నుంచే కాపాడుతున్నారు. దీనికి సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. బ్యాంకులో ఉన్నది దారాలకే చాలదు. మా ఆయన ఎక్కడో రోడ్డు మీద ఉన్నాడు, ఆయన ఖాతాలో ఉండేది చిల్లరే.

వదిన తలుపు కొట్టాను. సంగతి విని ఆవిడ నోరు నొక్కుకుంది. "తాళం లాగి లాగి తాళంలోనే ఇరుక్కున్నావా?" అంటూనే దిండు గలీబు విప్పింది. "రేపు ఇచ్చేయ్. నోట్లుగానే ఇవ్వాలి సుమా, టింగులు నాకొద్దు."

ఆ కట్టని కొంగులో ముడేసి, చేత్తో నొక్కి పట్టుకుని పరుగెత్తాను. ఆఫీసులో అద్దం వెనకున్న గుమాస్తా కట్ట వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. "నగదు తీసుకోమమ్మా. ఫోన్లోంచే కట్టాలి."

"ఇది కూడా డబ్బే కదా బాబూ!"

"డబ్బే. కానీ నా దగ్గర గల్లాపెట్టె లేదు." అని గడియారం వైపు చూశాడు.

అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "కెలక్కు అన్నానా లేదా?" అంది చిన్నగా. గట్టిగా తిట్టినా బాగుండేది.

మా వెనక ఒకాయన నిలబడి ఉన్నాడు. కొడుకు కాగితాలు పట్టుకుని, చొక్కా మోచేతి దగ్గర చిరిగి. చిరుగులు నా కంటికి ముందు కనపడతాయి. ఏమనుకున్నానో తెలీదు, ముడి విప్పి కట్ట ఆయన చేతిలో పెట్టేశాను.

"అన్నయ్యా, ఇది తీసుకుని మీ ఫోన్లోంచి మా పిల్లకి కట్టండి."

"అమ్మా!" అని మా అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆయన నోట్లు లెక్కపెట్టడం మొదలెట్టాడు. గుమ్మం ఎంత దూరమో, ఆయన పరుగెడితే నేనందుకోగలనో లేదో కూడా చూసుకున్నాను. ఆయన లెక్క ముగించి, ఫోన్లో రెండు ఫీజులకీ సరిపడా ఉందని చూసుకుని నొక్కాడు. అద్దం వెనక టింగుమంది. గుమాస్తా రసీదు మా అమ్మాయికిచ్చాడు.

"దొంగనోట్లేమో అని చూసుకోలేదేం అన్నయ్యా?" అన్నాను, నోరు ఊరుకోక.

"మీ ముఖం చూస్తే దొంగనోటు పట్టుకునే ధైర్యం కనపడలేదు చెల్లెమ్మా" అని నవ్వాడు.

చొక్కా తెస్తే ఊరికే కుట్టి పెడతానని మా ఇంటి గుర్తులు చెప్పాను. ఇంటికొచ్చేదాకా, తెలియనివాడికి ఇల్లు చెప్పానేమిటా అని భయపడుతూనే ఉన్నాను.

మర్నాడు వాలెట్ తెరుచుకుంది. ఒక్క పైసా తగ్గలేదు. ఇంత గట్టి తాళం ఉన్నచోటే ఉంచనా, అవసరానికి తెరుచుకోని చోట ఎందుకని తీసేయనా? అమ్మాయి నాకు ఆలోచించే వ్యవధి ఇవ్వకుండా, జిప్పులకీ దారాలకీ కావలసింది ఉంచి మిగతాది బ్యాంకుకి పంపేసింది. దారిలో ఎక్కడా ఆగలేదు. ఇద్దరం బ్యాంకుకెళ్ళి వదిన డబ్బు తీసి, గలీబులో ఆవిడే పెట్టుకునేదాకా నిలబడ్డాం.

"బ్యాంకు యాప్‌కి పిన్ పెట్టాను. నీకు చెప్తా గానీ లాగి చూడకు" అంది అమ్మాయి.

"లాగను."

"ఒట్టు?"

ఒట్టేశాను. ఫోన్ మిషన్ మీద బోర్లా పెట్టి, వీధి తలుపు తాళం నాలుగుసార్లు లాగి వచ్చాను. దానికైతే కోపం రాదు. మరి ఆ బ్యాంకు తలుపుకి తాళం వేశాక, ఎవరైనా వెనక్కొచ్చి లాగి చూస్తారో లేదో.