పాత కట్టకు అతకని కొత్త మట్టి

కురవి దగ్గరి ఒక తండా పక్క రోడ్డును వెడల్పు చేసిన ఏడాదికే, పాత తారుకూ కొత్త తారుకూ నడుమ పొడుగునా బీట పడింది. కొత్త భాగం పొలాల వైపు బెత్తెడు కుంగింది. మానుకోట దవాఖానాలో నర్సు సుమన డ్యూటీ దిగి వస్తుంటే, స్కూటీ ముందు చక్రం ఆ బీటలో ఇరుక్కుంది. వెనక వస్తున్న లారీ ఆగలేకపోయింది.

తండాలో ఉండే భద్రమ్మకు ఆమె ఒక్కతే బిడ్డ.

తర్వాత కాంట్రాక్టర్ మనుషులు బీటలో తారు పోసిపోయారు. వాన పడగానే అది మళ్లీ నోరు తెరిచింది. వాళ్లు మళ్లీ తారు డబ్బాలు దించుతుంటే భద్రమ్మ వెళ్లి బీట మీదే కూర్చుంది.

“పోస్తే నా మీద పొయ్యుండ్రి. పెద్దసార్లు వచ్చేదాక లేవ.”

“ఇంటికి పోదాం, లే,” అని భర్త చందూలాల్ బతిమాలాడు.

“ఇంట్ల ఎవలున్నరని?”

మధ్యాహ్నానికి ఇంజనీరు మెహనాజ్ వచ్చింది. ఆ ఊళ్లకు కొత్తగా బదిలీ అయిన మనిషి. అంచు తవ్వించి చూసి, భద్రమ్మ పక్కనే నేల మీద కూర్చుంది.

“పాత కట్ట ఏండ్ల సంది గట్టిపడ్డదమ్మా. దాని వాలు మీద కొత్త మట్టి ఉత్తగనే ఒంపిండ్రు. రెంటికి పట్టు లేదు. నీళ్లు దిగంగనే జారింది. పైన తారు పోస్తే ఆగదు.”

“మరెట్ల ఆగుతది?”

“కొత్త మట్టంత తీసెయ్యాలె. పాత కట్టను మెట్లు మెట్లుగ కోసి, పొర పొరకు నీళ్లు కొట్టి రోలర్‌తోటి తొక్కియ్యాలె. వాన నీళ్లు పోను మోరి కట్టాలె.”

“ముందుగాలనే గట్ల చెయ్యరాకపోయెనా, బిడ్డా?”

మెహనాజ్ తల దించుకుంది. “చెయ్యొచ్చమ్మా.”

కుదరదని చెప్పి ఉంటే భద్రమ్మ తలరాత అనుకునేది. ఆ ‘చెయ్యొచ్చు’కు ఆమె గుండె రెండోసారి పగిలింది. సుమనను తెచ్చి వాకిట్లో దించిననాడు కూడా అంతలా ఏడవలేదు.

మెహనాజ్ చెప్పినట్టే చేయించింది. పని సాగినన్నాళ్లూ భద్రమ్మ అటు పోలేదు. రోలర్ చప్పుడు గుడిసెలోంచే విన్నది. అంచున ఉన్న తుమ్మలూ రాళ్లూ అన్నీ పోయి, రోడ్డు నున్నగా తయారైంది.

ఆ వానాకాలం దాటినా బీట పడలేదు. కురవి వీరన్న గుడిలో మొక్కు తీర్చుకోవడానికి భార్యాభర్తలిద్దరూ బస్సెక్కారు. బస్సు ఎక్కడా కుదపలేదు.

“ఆ జాగ వచ్చిందా?” అని అడిగింది భద్రమ్మ.

“ఎప్పుడో దాటినం.”

ఆమె కేకేసి బస్సు ఆపించింది. ఇద్దరూ వెనక్కి నడిచారు. ఎటు చూసినా ఒకటే నలుపు. బిడ్డ పడిన చోటేదో ఎంత వెతికినా తేలలేదు. చివరికి భద్రమ్మ రోడ్డు అంచున ఒకచోట కూలబడి, తారు మీద చెయ్యి ఆనించింది.

“గిక్కడనే అనుకుందాం,” అంది.