నడిమి అర్రల మంచు

సెంటినరీ కాలనీల పొద్దు పొడువంగనే నల్లా వస్తది. అనసూర్య బిందెలు నింపుకుంటది, వాకిలి ఊడుస్తది, మామ ఎల్లన్నకు చాయ్ పోస్తది. ఆయెనక శాలువ గప్పుకోని, కాళ్లకు బూట్లేసుకోని, ఇంటి నడిమి అర్రలకు వోయి మంచు ఊడుస్తది. రోజూ గిదే పని.

ఆ ఇంటి మొగోళ్లు యాడ డ్యూటీ జేస్తె ఆడి నేలే వచ్చి నడిమి అర్రల పరుసుకుంటది. ఎల్లన్న బొగ్గుబాయిల కప్పుకు దుంగలు నిలవెట్టే టింబర్‌మన్ పని జేసిన ముప్పై రెండేండ్లు ఆ అర్ర నిండ బొగ్గే ఉండె. ఆయన పెండ్లాం పొయ్యిల బొగ్గు కోసం గడప దాటలే, పారతోని ఇంట్లనే గీక్కునేది. కొడుకు, అనసూర్య మొగడు వీరేందర్ ఓపెన్‌కాస్టుల డోజర్ నడిపినన్ని రోజులు ఎర్రమట్టి, బండలు. కాలనీల ఎవ్వలూ నోరు తెరిసి చూడలే. మీకు నోరు తెరుసుకుంటె తెరుసుకోని చదువుండ్రి, ఈగలు వోకుంట జూసుకోండ్రి.

మొన్న నవంబర్ల వీరేందర్‌ను అంటార్కిటికాకు తోలిండ్రు. మంచు మీద డోజర్ నడిపెటోడు గావాలని దేశమంత దేవులాడి దేవులాడి, ఆఖరికి మన రామగిరి మండలానికే వచ్చిండ్రు. రాక యాడికి వోతరు? ఆడ ఓడల వచ్చిన సామాను దించి లోపలికి గుంజుకపోవుడు ఆయన పని. ఓడ ఆగే కాడ నేలుండదు. మన ఇంటి గోడకు సజ్జ ముందలికొచ్చినట్టు, గుట్టల మీది మంచు జారి జారి సముద్రం మీదికి వచ్చి నిలవడ్తది. పది తాడిచెట్ల మందం మంచు, దాని కింద నీళ్లు. ఆ సజ్జ మీదనే చక్రాల్లేని బండ్ల మీద గుడిసెలు వెట్టుకోని ఆరుగురు ఉంటున్నరు.

రోజూ పొద్దుగాల పదింటికి వీరేందర్ ఫోన్ జేస్తడు. ఇక్కడికెల్లి జేస్తె కలువది.

"అనసూర్యా, నువ్వు ఊడుస్తుంటె చీపురు సప్పుడు నా బూట్ల కింద ఇనవడ్తదే" అంటడు.

"ఇనవడ్తె జర కాళ్లెత్తు, దుమ్ము వోతది" అంటదామె.

పక్క క్వార్టర్ల ఉండే పంపు ఖలాసి జైపాల్‌కైతె పండుగే. కల్లు సీస తెచ్చి మంచుల గుచ్చి, డ్యూటీ దిగినంక వచ్చి తాగెటోడు.

సంక్రాంతి ముందు చలికి కాలనీ అంత మంకీ టోపీలల్ల ఉన్నది. ఆయాల అనసూర్య నడిమి అర్రల అడుగు వెట్టంగనే మొఖానికి ఉడుకు గాలి కొట్టింది. గోడ మీదికెల్లి దిగుతాంది గాలి, పొయ్యి మీది కుండ మూత తీసినట్టు. మూలకు మంచు కరిగి నీలం నీళ్లు నిలవడ్డయి. గంత నీలం ఆమె యాడ జూడలే.

ఫోన్ల వీరేందర్ నవ్విండు. "గుట్టల మీదికెల్లి గాలి దిగుతాందే. బనీను మీద తిరుగుతున్నం, మన బసంత్‌నగర్ల ఉన్నట్టే ఉంది."

"మంచు దేశంల ఉడుకు గాలేందయ్యా?"

"సైకిల్‌కు గాలి గొడ్తె పంపు అడుగు కాలదా? గట్లనే. గాలి గుట్ట అవతలి దిక్కు ఎక్కేటప్పుడు తడి అంత ఆడనే మంచు లెక్క పోస్తది. ఇవతలికి దిగుకుంట దిగుకుంట ఒత్తుకోని ఉడుకైతది. మా సైంటిస్టు సార్లు చెప్పిండ్రు."

"సార్లు భయపడ్తలేరా?"

"సార్లు ఎండకు కూసున్నరు" అన్నడు.

నాలుగొద్దులు గాలి ఆగలే. నీళ్లు మోకాల్లోతుకు వచ్చినయి. అనసూర్య గడప మీద కూసోని నీళ్లనే చూస్తుండె. అడుగున సన్నటి గీత ఒకటి ఈ గోడకెల్లి ఆ గోడకు వోతున్నట్టు అనిపిచ్చింది. కండ్లు మూసి తెరిస్తె ఇంకింత పొడుగైనట్టు అనిపిచ్చింది.

ఐదో నాడు పదింటి ఫోన్ వచ్చిపోయింది. "అంత మంచిగనే ఉంది" అన్నడు. ఫోన్ వెట్టి అర్రలకు తొంగి జూస్తె సుక్క నీళ్లు లెవ్వు. మంచు పొడిగున్నది.

జైపాల్ సీస వట్టుకోని వచ్చి సూసి సంబురపడ్డడు. "వదినా, నీళ్లు వోయినయి, నీ ఫికర్ వోయింది! పదిహేనేండ్ల సంది నీళ్లు తోడుతున్న. నీళ్లు లేని జాగల భయం లేదు."

అనసూర్యకు పానం తిరిగొచ్చినట్టైంది. వాకిట్ల కూసున్న ఎల్లన్నకు జెప్పింది. ఎల్లన్న చాయ్ గిలాస కింద వెట్టిండు.

"పంపు ఎవలు వెట్టిండ్రు?"

"ఎవ్వలు వెట్టలే కాకా, అవ్వే వోయినయి" అన్నడు జైపాల్.

"పంపు వెట్టకుంట నీళ్లు యాడికి వోయినయిరా?"

జైపాల్ మల్ల వోయి అర్రలకు తొంగి జూసిండు. బాయిల నిలిసిన నీళ్లు ఉన్నట్టుండి గుంజుకున్నయంటె, అడుగు పలిగినట్టు. పంపు ఖలాసికి ఆ ముచ్చట వేరే జెప్పాల్నా? కల్లు సీస జూసి మరిసిపోయిండు గని.

ఎల్లన్న మూలకున్న కట్టె తీసిండు. బాయిల పనికి దిగంగనే గా కట్టెతోని పైకప్పు కొట్టి, చెవి వెట్టి ఇనేటోడు. గట్టి బండైతె ఠంగుమంటది. పట్టు ఇడిసిన బండ దబ్బుమంటది. ఇప్పుడు ఆ ముసలాయన మోకాళ్ల మీద వంగి నేల కొట్టిండు.

దబ్.

ఇంకో కాడ కొట్టిండు. దబ్. గోడ పొంటి వోయి కొట్టిండు. దబ్. ఆయన మొఖం సున్నమేసినట్టైంది.

"మామా, ఫోన్ మల్ల రేపు పదింటికే వస్తది" అన్నది అనసూర్య.

"రేపటి దాంక ఉండదు బిడ్డా."

"అయితె కొట్టు. బాయిల కొట్టినట్టు కొట్టు."

కప్పు కూలెటట్టున్నప్పుడు టింబర్‌మన్ కప్పు కింద నిలవెట్టిన దిమ్మెను ఆపకుంట కొడ్తడు. అది ఇంటె తట్ట, బొగ్గెత్తే చెమ్మాసు ఆడనే పారేసి బయటికి ఉరుకుడే. వీరేందర్ డోజర్ ఎక్కకముందు రెండేండ్లు బాయిల జేసిండు. ఆయనకు ఎరికే.

ఎల్లన్న కట్టె ఎత్తలే. "ఇడిసిన బండను కొడ్తె కూలుతది. నా దెబ్బకే ఇరిగిందనుకో, నా కొడుకును నేనే..."

"కొట్టకుంటె?"

"కొట్టకుంటె వాడు ఎండకు కూసోని చాయ్ తాగుతడు."

అనసూర్య మామ దిక్కు చూసింది. ఎల్లన్న గడప పక్కకు జరిగి, కట్టె కొనతోని మెల్లగ కొట్టుడు షురూ జేసిండు. టక్ టక్ టక్. ఒక్కతీరుగ, గడియారం లెక్క. కొట్టినకొద్ది ఆ సన్న గీత పగులై ఒక్కో వేలు జరుగుతాంది. జైపాల్ గోడకతుక్కోని నిలవడ్డడు, ఊపిరి తీస్తె ఇరుగుతదేమో అన్నట్టు.

ఎంతసేపు గొట్టినా నేల మారలే. అంటె వీరేందర్ కదల్లే. ఎల్లన్నకు దగ్గొచ్చింది. బాయి దుమ్ము తిన్న గుండె అది, దగ్గు ఆగలే, కట్టె జారిపోయింది.

అనసూర్య కట్టె అందుకున్నది. చేతులు వణుకుతున్నయి. ఒక దెబ్బ వడ్తాంది, ఒకటి తప్పుతాంది, రెండు ఒక్కసారే వడ్తున్నయి.

"ఒక్కతీరుగ కొట్టు బిడ్డా."

"వస్తలేదు మామా" అని ఏడ్సుకుంటనే కొట్టింది.

అడుగుకెల్లి పెద్ద సప్పుడైంది, బ్లాస్టింగ్ జేసినట్టు. క్వార్టర్ అంత ఊగింది. మంచు నడుమకు పలిగి, ఆ సందుల నల్లటి నీళ్లు కనవడ్డయి. అర్ర నిండ ఉప్పు వాసన. అవతలి సగం ఒక దిక్కుకు ఒరుగుతాంది. జైపాల్ "వదినా, బయటికి రా!" అని చెయ్యి గుంజిండు. ఆమె రాలే, గడపను ఒక చేత వట్టుకోని కొట్టుడే.

అప్పుడు నేల కదిలింది. నల్ల నీళ్లు ఎనుకకు వోయినయి. పలిగిన మంచు జరిగిపోయి తెల్లటి మంచు వచ్చింది, దాని మీద డోజర్ చైన్ల అచ్చులు వరుసగ వడుకుంట వోయినయి. అచ్చులు పోంగ పోంగ మంచు పలసనైంది. ఆఖరికి గోధుమరంగు రాయి తేలింది. ఎల్లన్న పాక్కుంట వోయి కట్టెతోని కొట్టిండు.

ఠంగ్.

ముగ్గురూ ఆ రాయి మీదనే కూలవడ్డరు. పొద్దుమీకె దాంక ఎవ్వలూ లేవలే.

తెల్లారి పదింటికి ఫోన్ వచ్చింది. ఎల్లన్న ఎత్తిండు.

"బాపూ, నిన్న మేం కూసున్న జాగ ఇయ్యాల సముద్రం. మిగితోళ్లు లేస్తమంటె గద! గుడిసెలకు గొలుసులు దగిలిచ్చి మనుషులు లోపలున్నట్టే గుంజుకొచ్చిన. ఒక సారు గడ్డం గీసుకుంటుండె, సగం గడ్డంతోనే ఒడ్డెక్కిండు."

"ఇన్నవారా మరి, సప్పుడు?"

"ఇన్న. ముందుగాల కొట్టింది నువ్వే, ఎరికైంది. బాపు ముసలోడైండు, ఏదో పరీక్ష జేస్తుండు అనుకోని చాయ్ తాక్కుంట కూసున్న. ఆయెనక ఎవలు గొట్టిండ్రే? చెయ్యి మస్తు వణుకుతుండె. ఆ వణుకుకు నాకు చెమట వట్టింది, గిలాస ఆడనే పారేసి ఉరికిన."

ఎల్లన్న ఫోన్ దీస్కపోయి కోడలు చేతుల వెట్టిండు. ఆమె చేతుల ఫోన్ గూడ వణికింది.