కింది ఆకులు

బొమ్మలాయన కంటితో చూడనిదాన్ని ఏనాడూ గీయలేదు. ముప్పై ఏళ్ళు విత్తనాల కంపెనీ పొట్లాల మీద వంకాయలూ టమాటాలూ మిరపకాయలూ వేశాడు. వేసే కాయను ముందు బల్ల మీద పెట్టుకునేవాడు. దానికి పుచ్చుంటే పుచ్చుతో సహా వేసేవాడు. కంపెనీవాళ్ళు గగ్గోలు పెడితే అప్పుడు చెరిపేవాడు, అదీ సణుక్కుంటూ.

అలాంటి మనిషి నెత్తిన కూతురు లేనిపోని జీవాల పని తెచ్చి పెట్టింది. ఆమె పిల్లల పుస్తకాలు వేసే సంస్థలో పనిచేస్తుంది. సగం మొక్క, సగం ప్రాణి. అలాంటివి పన్నెండు, పేజీకొకటి.

"నడిచే మొక్కని నేనెక్కడ చూశానే?" అన్నాడు.

"చూడక్కర్లేదు నాన్నా, ఊహించు."

"చూడ్డానికి బద్ధకించేవాళ్ళు చేసే పని అది."

అన్నాడే గానీ కాదనలేదు. భార్య పోయి రెండేళ్ళయింది. ఆ రెండేళ్ళూ ఆయన కుంచె తడపలేదు.

తన దారి తనే వెతుక్కున్నాడు. ఒక్కో జీవికి ఒక నిజమైన మొక్కను, ఒక నిజమైన మనిషిని ఎంచుకున్నాడు. మొక్క నుంచి ఒళ్ళు, మనిషి నుంచి నిలబడే తీరు. సీసాలో దొరికే ఆకుపచ్చ ఏ ఆకుకీ ఉండదని పసుపూ నీలమూ తనే కలుపుకున్నాడు. కళ్ళు మాత్రం పెట్టనన్నాడు. మొక్క ఎటు వంగిందో చూస్తే దానికేం కావాలో తెలుస్తుంది, గుడ్లెందుకు అన్నాడు. సంస్థవాళ్ళు మొదట మొహం చిట్లించారు, తర్వాత ఒప్పుకున్నారు.

కింది వాటాలో ఉండే దర్జీ సొరకాయ జీవి అయ్యాడు. ఆ సంగతి తెలిసి మెట్ల దగ్గర కాపు కాశాడు.

"ఏం అన్నా, నా పొట్ట పుస్తకానికెక్కిందట?"

"పొట్టే ఎక్కింది. నువ్వు కూడా ఎక్కితే పుస్తకం చిరుగుతుంది."

అలా పదకొండు అయ్యాయి. పన్నెండోది అడ్డం తిరిగింది. పుస్తకం రచయిత్రి దానికి రాసిందల్లా రెండు వాక్యాలు: "వాకిట్లో ఒక తీగ ఉంటుంది. బయటికి వెళ్ళినవాళ్ళు తిరిగి వచ్చేదాకా అది అక్కడి నుంచి కదలదు."

మూడు వారాలు గడిచినా కాగితం తెల్లగానే ఉంది. కూతురు ఫోన్ చేసి చెప్పేసింది: "సోమవారం దాకా చూస్తారట నాన్నా. పన్నెండూ ఒకే చేతివి కావాలంటున్నారు. ఇవ్వకపోతే నీ పదకొండూ పక్కన పడేసి మొత్తం ఇంకొకరితో వేయిస్తారు."

ఎవర్ని చూసి వేయాలో ఆయనకు తెలియక కాదు. కంపెనీ నుంచి ఆయన ఏనాడూ వేళకు ఇల్లు చేరలేదు. ఎప్పుడొచ్చినా భార్య గడపలో ఉండేది. ఒక పాదం మీద ఇంకో పాదం వేసి, తలుపుచెక్కకు భుజం ఆనించి నిలబడేది. "వచ్చారా" అనేది. అంతకు మించి ఒక్క ముక్క అనేది కాదు.

అడ్డం వచ్చింది కోపం. ఆవిడ జబ్బును ఎనిమిది నెలలు దాచింది. ఆ ఏడాది ఆయన కంపెనీ విత్తనాల కేటలాగుకు అరవై బొమ్మలు వేస్తున్నాడు. అవి పూర్తయ్యాక చెప్పింది. అప్పటికి డాక్టర్లు చేయగలిగింది ఏమీ మిగల్లేదు. ఆవిణ్ణి ఆయన క్షమించలేదు. ఎవరైనా "మహా ఇల్లాలు" అంటే లేచి వెళ్ళిపోయేవాడు.

శనివారం పొద్దున్నే వరండాలోంచి చిక్కుడు కుండీ తెచ్చి బల్ల మీద పెట్టాడు. చిగురు నిగనిగలాడుతోంది. అడుగున రెండాకులు పసుపెక్కాయి. ఇందులో కొత్తేమీ లేదు. మట్టిలో సత్తువ తగ్గితే మొక్క కింది ఆకుల్ని పీల్చి చిగురుకు పంపుతుంది. కొస మాత్రమే చూసేవాడికి మొక్క దివ్యంగా కనిపిస్తుంది. ఈ సంగతి ఆయన కంపెనీలో కొత్తగా చేరినవాళ్ళకు పాఠంలా చెప్పేవాడు.

జబ్బు దాచిన ఏడాది వేసవిలో ఆవిడ ఇంట్లో స్వెట్టరు వేసుకుని తిరిగింది. "చలిగా ఉందండీ" అంది. ఆయన "సరే" అన్నాడు.

కుండీని తిప్పి పసుపు ఆకులు తనవైపు పెట్టుకున్నాడు. తర్వాత గీశాడు. వేరు మీద వేరు వేసుకుని నిలబడ్డ తీగ, పచ్చటి కొస, అడుగున రెండు పసుపు ఆకులు.

ఆదివారం కూతురు వచ్చి చూసింది.

"జబ్బు మొక్కలా ఉంది నాన్నా. పిల్లల పుస్తకమిది. ఆ రెండాకులూ పచ్చగా చేసెయ్."

"పచ్చగా చేస్తే అబద్ధం."

"బాగుంది! తీగకి కాళ్ళొస్తే నిజం, ఆకు పచ్చగా ఉంటే అబద్ధమా?" అని నవ్వబోయి ఆగింది. వేరు మీద వేసిన వేరును చూసింది. ఆ నిలబడిన తీరు చూసింది. "అమ్మ" అంది.

ఆయన రెండేళ్ళుగా అడగనిది అప్పుడు అడిగాడు. "నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ. 'మీ నాన్న బొమ్మలు అయిపోనీ, ఇప్పుడు చెబితే చెయ్యి వణుకుతుంది' అని ఒట్టేయించుకుంది."

"చెప్పాల్సింది."

"నువ్వు అడగాల్సింది నాన్నా. మనిషి సగమైంది. ఎందుకిలా అయ్యావని ఒక్కసారైనా అడిగావా?"

ఆయన బొమ్మను తనవైపు తిప్పుకున్నాడు. "సాయంత్రం రా" అన్నాడు.

ఆమె వెళ్ళాక ఆకులకు పచ్చరంగు వేయలేదు. ఆ కాగితాన్ని పక్కకు తోసి ఇంకోటి తీసుకున్నాడు. తీగ అదే, నిలబడిన తీరూ అదే. ఈసారి నడుము దగ్గరి వెడల్పాటి ఆకును కిందికి వంచి, కింది ఆకులకు అడ్డం పెట్టించాడు, ఆవిడ స్వెట్టరు అంచు కిందికి లాక్కున్నట్టు. దాని వెనకాల పసుపు అంచు వెంట్రుకంత వదిలాడు. అది గీస్తున్నప్పుడు చెయ్యి వణికింది. గీత కొంచెం వంకరపోయింది. దిద్దలేదు.

సాయంత్రం కూతురు వచ్చింది. బొమ్మ తలుపుకు ఎదురుగా గోడకు ఆనించి ఉంది. ఆమె కళ్ళు ఆ పసుపు అంచు దగ్గర ఆగిపోయాయి.

"ఇదెవరికీ కనిపించదు నాన్నా."

"కనిపించకూడదనే కదా దాని తంటా అంతా."

ఆమె ముక్కు చీదుకుని సంచిలోంచి బొమ్మ పెట్టుకెళ్ళే అట్ట తీసింది. ఆయన అడ్డం నిలబడ్డాడు.

"ఇంకా ఆరలేదు. పొద్దున తీసుకెళ్ళు."

రంగు ఆరి గంటపైనే అయింది. ఆ సంగతి ఆమెకూ తెలుసు. అట్టను కుర్చీలో పెట్టి, టీ పెట్టడానికి వంటింట్లోకి పోయింది.

ఆయన కాసేపు బొమ్మ ముందు కూర్చున్నాడు. ఎక్కడ కూర్చున్నా తీగ కొస ఆయన్ని దాటి తలుపు వైపే చాచి ఉంది. లేచి చెప్పులు వేసుకున్నాడు.

"ఇప్పుడెక్కడికి నాన్నా?" వంటింట్లోంచి అడిగింది.

"ఎక్కడికీ లేదు."

బయటికి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు. మెట్ల మీద కాసేపు నిలబడ్డాడు. తర్వాత మెల్లగా తలుపు తోసి లోపలికి వచ్చాడు.