మిల్లత్త సందు

ఎక్కడ నడవడం ఇష్టమని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో చోటు చెబుతారు. ఒకరికి చెరువుగట్టు, ఒకరికి పార్కు, మోకాళ్ళు అరిగినవాళ్ళకు సొంత డాబా. మిల్లత్తకు మాత్రం పాత నూలు మిల్లు వెనక సందు. అటు మిల్లు గోడ, ఇటు గోదాముల వీపులు, మధ్యలో ఇద్దరు మనుషులు భుజాలు రాసుకోకుండా వెళ్ళేంత చోటు. చూడడానికి అందులో ఏముందంటే ఏమీ లేదు. ఒక చెట్టు లేదు, కూర్చోవడానికి ఒక అరుగు లేదు, గోడ పగుళ్ళలో మొలిచిన పిచ్చి మొక్కలు తప్ప పచ్చదనమన్నదే లేదు. అయినా ఎండ గోడ దిగకముందే ఆవిడ అక్కడ ఉండాల్సిందే.

ఎందుకంటే ఆవిడ నడక అలాంటిది. పెళ్ళికి ముందే మిల్లులో చేరి, మిల్లు మూతపడ్డ రోజున బయటికొచ్చిన మనిషి. నూలు వడికే యంత్రాలు బారులు తీరి ఉంటాయి, ఒక్కో జత మధ్య సన్నటి సందు ఉంటుంది. పనిలో ఉన్నంతసేపూ ఆ సందులో ఈ చివరి నుంచి ఆ చివరికి, ఆ చివరి నుంచి ఈ చివరికి తిరుగుతూనే ఉండాలి. కళ్ళు ఎప్పుడూ పక్కకే, దారం చుట్టుకునే కదుళ్ళ మీదే. ఎక్కడ దారం తెగితే అక్కడికి చెయ్యి దానంతటదే వెళ్ళి అతికించేది, కాలు మాత్రం ఆగేది కాదు. నేల వంక చూసే పనే లేదు. నేల మీద ఎవరైనా ఏదైనా వదిలితే మేస్త్రీ తాట తీసేవాడు. అన్నేళ్ళు అలా తిరిగిన కాళ్ళకు ఇప్పుడు కొత్త నడక నేర్పాలంటే అయ్యే పనా? సందులో కూడా ఆవిడ పక్కకు చూస్తూ, అరచెయ్యి గోడకు ఆనీ ఆననట్టు రాస్తూ, చివరిదాకా వెళ్ళి మడమ మీద గిరుక్కున తిరిగి వచ్చేది. అలా తిరిగిన రోజు అన్నం సహిస్తుంది, నిద్ర పడుతుంది, కోడలితో మాట మెత్తగా ఉంటుంది. తిరగని రోజు ఆ ఇంట్లో గిన్నెలు కూడా చప్పుడు చెయ్యడానికి భయపడతాయి.

ఇంట్లోనూ మిల్లు పద్ధతే. చెప్పులు గూట్లోకి, చెంబు గట్టు మీదికి. నేల మీద ఏదీ ఉండకూడదు. కొడుకు ఏడేళ్ళప్పుడు బొంగరం నేల మీద వదిలేశాడు, తల్లి దాని మీద కాలేసి వెల్లకిలా పడింది, ఆ రోజు వాడి వీపు విమానం మోత మోగింది. ఆ కొడుకే ఇప్పుడు వీధి మొగలో వెల్డింగ్ షాపు పెట్టుకున్నాడు. షాపు ముందు, ఇల్లు వెనక. గేట్లు, కిటికీ చట్రాలు, మెట్ల పక్క కమ్మీలు చేస్తాడు. పనిమంతుడని పేరు.

ఒకనాడు పొద్దున్నే మిల్లత్త సందు దగ్గరికి వెళ్ళేసరికి మొదట్లో అటొకటి ఇటొకటి రెండు ఇనుప స్తంభాలు పాతి ఉన్నాయి. చుట్టూ సిమెంటు ఇంకా తడిగానే ఉంది. లోపల గోడవారన రంగు డబ్బాలు ఆవిడ నడుమెత్తున పేర్చి ఉన్నాయి. సందుకు ఎదురుగా అద్దాల తలుపుల రంగుల షాపు ఉంది. ఆ షాపాయన బయటే నిలబడి పళ్ళు కుట్టుకుంటున్నాడు.

“ఇదేంటి బాబూ, స్తంభాలు పాతారు?”

“గేటు పెడుతున్నామమ్మా. రాత్రయితే తాగుబోతులు చేరుతున్నారు. గోదాములవాళ్ళందరం కలిసి అనుకున్నాం.”

“వాళ్ళు చేరేది రాత్రి, నేను తిరిగేది పొద్దున. అందరికీ కలిపి ఒకటే గేటా?”

“నడవడానికి మీకు ఊళ్ళో చోటే లేదా అమ్మా? అంత మంచి పార్కు కట్టారు కదా.”

“అది సరే, ఈ డబ్బాలు కూడా తాగే చేరాయా ఇక్కడికి?”

ఆయన నవ్వి లోపలికి వెళ్ళిపోయాడు. ఏదైనా అని ఉంటే బాగుండేది. ఆ నవ్వుకు మిల్లత్తకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఇంటికొచ్చి కొడుకుతో చెబితే వాడు టీ గ్లాసులోంచి తలెత్తలేదు. “పోనీలే అమ్మా. ఇంకోచోట నడువు,” అన్నాడు. నిద్ర చాలలేదేమో అనుకుంది ఆ పిచ్చితల్లి.

కోడలు మంచిదే. కొరియర్ ఆఫీసులో పని చేస్తుంది, ఊళ్ళో ప్రతి వీధీ తెలుసు. ఆ సాయంత్రం వేళ్ళు మడుస్తూ చోట్లన్నీ చెప్పింది. చెరువుగట్టట. “అక్కడ గాలి ఒకవైపు నుంచే వస్తుంది, రెండోవైపు గోడేది?” అంది అత్త. కొత్తగా వచ్చిన పెద్ద బజారు మేడట, లోపలంతా చల్లగా ఉంటుందట. “చల్లదనానికి పాలప్యాకెట్టునా నేను?” అంది అత్త. సరే, పార్కే ఖాయమైంది. మర్నాడు సెలవు కావడంతో కోడలు వెంటబెట్టుకుని తీసుకెళ్ళింది.

పార్కు చక్కగానే ఉంది, ఆ మాట కాదనకూడదు. గుండ్రంగా ఎర్ర రాళ్ళ బాట, బాట మీద తెల్లటి బాణం గుర్తులు, జనమంతా గానుగెద్దుల్లా ఒకే వైపు తిరుగుతున్నారు. మిల్లత్త ఒక బల్ల దగ్గర మొదలుపెట్టి ఇంకో బల్లదాకా వెళ్ళి, అలవాటు ప్రకారం మడమ మీద వెనక్కి తిరిగింది. వెనక వస్తున్న బూట్లాయన వచ్చి గుద్దుకున్నాడు.

“అమ్మా, బాణం గుర్తు కనబడడం లేదా?”

“కనబడింది బాబూ. కానీ నన్నెవరూ విల్లుకు పెట్టి వదల్లేదు.”

రెండోసారి తిరిగేసరికి ఇంకో ఇద్దరికి తగిలింది. మూడోసారికి కాపలావాడు ఈల ఊదాడు. పెద్దమనిషని కూడా చూడకుండా ఈల ఊదాడు, పశువును అదిలించినట్టు. మిల్లత్త బయటికొచ్చేసింది. కోడలు వెనకాలే పరిగెత్తింది.

ఇంటికి రావాలంటే రంగుల షాపు దాటాలి. అద్దాల తలుపు వేసి ఉంది. లోపల షాపాయన ఎదురుగా కుర్చీలో కూర్చున్నది ఆవిడ కన్నకొడుకు.

మిల్లు రొదలో ఎవరి గొంతు వాళ్ళకే వినబడేది కాదు. అందుకని ఆ మిల్లు ఆడవాళ్ళందరికీ పెదవులు చూసి మాట పట్టుకోవడం అబ్బింది. యంత్రాల సందు ఈ చివర ఒకతి, ఆ చివర ఒకతి నిలబడి అత్తలను ఆడిపోసుకునేవాళ్ళు, ఒక్క మాట పొల్లుపోయేది కాదు. అద్దం అడ్డముంటే మిల్లత్తకు లెక్కేమిటి? నడక తగ్గించి చూసింది.

“మీ అమ్మ గొడవ చేస్తే?” అన్నాడు షాపాయన.

“నాలుగు రోజులు అరుస్తుంది, తర్వాత ఊరుకుంటుంది,” అన్నాడు కొడుకు. “గేటు తయారైపోయింది. రేపు తెచ్చి బిగిస్తాను.”

మిల్లత్త కాళ్ళు ఆగిపోయాయి. అవి అంత తేలిగ్గా ఆగే కాళ్ళు కావు.

“అమ్మాయ్, నీకు తెలుసా ఈ సంగతి?”

కోడలు చీర కొంగు సర్దుకుంది. “షాపు వెనక కొత్త గేటు చూశాను అత్తయ్యా. ఎవరిదని అడగలేదు. అడిగితే తెలుస్తుందని భయమేసి అడగలేదు.”

“అందుకా పార్కు చూపించావు?”

“ఏదో ఒకచోటు మీకు నచ్చితే ఇంట్లో గొడవ ఉండదనుకున్నాను.”

నిజం చెప్పినందుకు దాన్ని వదిలేసింది. కొడుకును వదల్లేదు. వాడు ఇంటికొచ్చి చెయ్యి కడుక్కుంటుంటే గుమ్మంలో నిలబడింది.

“ఊళ్ళో గేట్లకు కరువొచ్చిందట్రా?”

వాడికి అర్థమైంది. “నేను చెయ్యకపోతే ఇంకొకడు చేస్తాడమ్మా. వచ్చిన పని కాదంటానా?”

“ఇంకొకడు చేస్తే ఇంకొకణ్ణి తిట్టుకునేదాన్ని. వాడు నా పాలు తాగలేదు. కంచే చేను మేస్తే చేను ఎవరికి చెప్పుకుంటుంది?”

“అది కాదమ్మా...”

“నాలుగు రోజులు అరుస్తానటగా.”

వాడు తలెత్తాడు. “ఎవరు చెప్పారు?”

“నీ మూతే చెప్పింది.”

చిన్నప్పటి నుంచీ ఆ ఇంట్లో తల్లి ఎదుట నోట్లో గొణుక్కునే వీలు వాడికి లేదు. పెద్దవాడయ్యాక ఆ సంగతే మరిచిపోయాడు.

“అరవనులే,” అంది మిల్లత్త. “నీ మాట వమ్ము చేస్తాను.”

మర్నాడు గేటు బిగించారు. బూడిద రంగు, నిలువు కమ్మీలు, మనిషెత్తు. తాళం పడింది. మరుసటి పొద్దున్నే మిల్లత్త కొడుకు షాపులోకి వెళ్ళింది. ఒక పక్క ఇనుప గొట్టాల బొత్తి, ఒక పక్క పని బల్ల, మధ్యన సందు. అందులో తిరగడం మొదలుపెట్టింది. వాడు వెల్డింగ్ రాడ్డు పట్టుకుంటే పక్క నుంచి వస్తుంది. గ్రైండరు ఎత్తితే ఎదురుగా వస్తుంది.

“అమ్మా, నిప్పురవ్వలు పడతాయి.”

ఆవిడ చివరిదాకా వెళ్ళి మళ్ళీ తిరిగింది.

“అమ్మా, గిరాకీ వాళ్ళు చూస్తున్నారు.”

వాళ్ళు చూడాలనే తిరుగుతోంది. కిటికీ చట్రం కోసం వచ్చిన ఒకాయన, “ఏమ్మా, ఏదైనా పోగొట్టుకున్నారా?” అని అడిగితే, “అవును బాబూ, ఒక కొడుకును,” అంది, అని మళ్ళీ తిరిగింది. ఆయన చట్రం సంగతి తర్వాత చూద్దామని జారుకున్నాడు. వారం తిరక్కుండానే షాపులో పని పేరుకుపోయింది. ఇంట్లో పళ్ళెం పెట్టిన చప్పుడు, తీసిన చప్పుడు తప్ప మాట లేదు. అరిచే తల్లిని వాడు భరించగలడు. తిరిగే తల్లిని భరించలేకపోయాడు.

చివరికి రంగుల షాపాయనతో ఏం మాట్లాడుకున్నాడో, ఒక సాయంత్రం వచ్చి తల్లి ముందు చిన్న తాళంచెవి పెట్టాడు.

“గేటులో చిన్న తలుపు పెట్టానమ్మా. నీ ఒక్కదాని కోసం. నువ్వు తలవంచక్కర్లేకుండా నీ ఎత్తుకే చేశాను. ఎప్పుడు కావాలంటే అప్పుడు తలుపు తీసుకుని వెళ్ళు.”

అన్నాళ్ళకు ఆవిడ వాడితో నోరు తెరిచింది. “నాకొక్కదానికి తాళంచెవేంట్రా? అది దారా, అల్మారానా?”

“ఇంతకంటే నా వల్ల కాదమ్మా.”

తాళంచెవిని ఆవిడ ముట్టుకోలేదు. కానీ కాళ్ళు ఊరుకోవు కదా. షాపులో ఆ నాలుగడుగుల నడక చాలక మోకాళ్ళు కొయ్యబారాయి, కంటి మీద కునుకు లేదు. కోడలు మెల్లగా అంది: “కోపం మీదే అత్తయ్యా, ఎవరూ పట్టుకుపోరు. ఒకసారి నడిచొచ్చి మళ్ళీ కోపపడండి.”

మర్నాడు పొద్దున్నే మిల్లత్త వెళ్ళింది. కొడుకు ముందే వచ్చి చిన్న తలుపు బార్లా తీసి, గుడ్డతో దాని అంచులు తుడుస్తున్నాడు. పని శుభ్రంగా కుదిరినప్పుడు పనివాడి ముఖంలో ఒక వెలుగుంటుంది, అది వాడి ముఖంలో ఉంది. మిల్లత్త వాడి వంక చూడలేదు. దూరం నుంచే కళ్ళు మిల్లు గోడ మీదికి వెళ్ళాయి, అరచెయ్యి ముందుకు చాచింది. నడక అందుకుంది.

చిన్న తలుపు కింద, గేటు అడుగు కమ్మీ అడ్డంగా అలాగే ఉంది, చీలమండకు కొంచెం పైన. అది లేకపోతే గేటు వాలిపోతుంది, ఆ సంగతి ప్రతి వెల్డరుకూ తెలుసు. నేల మీద ఏదీ ఉండకూడదన్న సంగతి ఈ ఒక్క వెల్డరుకే తెలుసు.

కాలి ఎముక కమ్మీకి కొట్టుకున్న చప్పుడు ఎదురు షాపుదాకా వినబడింది. మిల్లత్త బోర్లా పడింది. అరచేతులు దోక్కుపోయాయి, కాలి మీద చర్మం చీలి రక్తం కారింది. కొడుకు చెయ్యి అందించాడు. ఆవిడ ఆ చెయ్యి పట్టుకోలేదు. గోడకు ఆనుకుని తనంతట తానే లేచి కూర్చుంది.

“బొంగరం నాటికి నీకు ఏడేళ్ళు,” అంది. “ఇప్పుడేం వంక చెబుతావు?”

వాడు షాపుకు వెళ్ళి గ్రైండరు తెచ్చాడు. తీగ చుట్ట విప్పుకుంటూ రంగుల షాపులోకి వెళ్ళి, ఆయన బల్ల పక్కనే ఉన్న ప్లగ్గులో పెట్టి బయటికొచ్చాడు. ఆయన చేతిలో టీతోనే వెంటబడ్డాడు.

“ఏం చేస్తున్నావు తమ్ముడూ?”

“కమ్మీ కోస్తున్నాను.”

“అడుగు కమ్మీ కోస్తే గేటు నిలుస్తుందా?”

“నిలవదు.”

“మతి పోయిందా నీకు?”

“మా అమ్మ నేల చూసి నడవదు.”

“అయితే చూసి నడవమను.”

కొడుకు కళ్ళద్దాలు పెట్టుకుంటూ, “అదిగో, అక్కడే కూర్చుంది. మీరే చెప్పండి,” అన్నాడు.

ఆయన అటు చూశాడు. మిల్లత్త కాలి రక్తాన్ని కొంగుతో అదుముకుని ఆయన మూతి వంకే చూస్తోంది, ఏం మాట వస్తుందా అని. ఆయన టీ గ్లాసు మూతికి అడ్డం పెట్టుకున్నాడు.

గ్రైండరు కీచుమంది. కమ్మీ రెండోవైపు తెగగానే గేటు నడుం విరిగినట్టు వాలింది. గడియ ఒక చోట, గడియ కన్నం ఇంకో చోట అయ్యాయి. చిన్న తలుపు పట్టు తప్పి వేలాడింది. వాడు దాన్ని కీళ్ళతో సహా ఊడదీసి పక్కన పడేశాడు, మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు ఎత్తి గోడకు నిలబెట్టాడు. మిగిలిన గేటును కీళ్ళ దగ్గర కోసి, భుజం మీద మోసుకెళ్ళి వీధి అవతల పెట్టి వచ్చాడు. ఆ తర్వాత నేల మీద మోకాళ్ళూని, స్తంభాలను మొదలంటా కోయడం మొదలుపెట్టాడు.

మిల్లత్త లేచింది. “ఆ డబ్బాలు కూడా నేల మీదే ఉన్నాయి,” అంది రంగులాయనతో. ఆయన ఇంకా టీ గ్లాసుతోనే నిలబడి ఉన్నాడు. “పొద్దెక్కేలోగా తీయించకపోతే నేనే తీస్తాను. నాకు మూతలు పెట్టడం రాదు.”

ఆయన పనివాణ్ణి కేకేశాడు.

ఆవిడ కుంటుకుంటూ సందులోకి వెళ్ళింది. అరచెయ్యి మండుతున్నా గోడకు రాసింది. ఆ చివరిదాకా వెళ్ళి మడమ మీద తిరిగేసరికి ఇటు చివర కొడుకు గ్రైండరు ఆడుతుండగానే తలెత్తి చూస్తున్నాడు. ఆ రొదలో వాడి మాట వాడికే వినబడి ఉండదు. పెదవులు కదిలాయి. “అమ్మా” అన్న మొదటి మాట ఆవిడ చదివింది. చదివి, ముఖం గోడవైపు తిప్పేసుకుంది. మిగతా మాటలు ఏమిటో చూడలేదు. చూస్తే కోపం పోయేలా ఉంది, దానికింకా పొద్దు చాలా ఉంది.

గోడనే చూస్తూ వాడిదాకా నడిచొచ్చింది, తిరిగింది, మళ్ళీ వెళ్ళింది.