అంబాసిడరా, ఫియట్టా?

పెట్రోలు ధర మండిపోయిన ఏడాది వెంకటసుబ్బారావు గారికి టాక్సీ మీద విరక్తి పుట్టింది. పదేళ్లుగా మా ఆయన నాగుల్ మీరా రోజు కిరాయికి నడుపుతున్న అంబాసిడర్ ఆ పెద్దాయనదే. "నువ్వే కొనుక్కో మీరా, నెలనెలా ఇద్దువుగాని" అన్నారు. అదే వారం పటమటలో డాక్టరు కృపానందం గారు తన పాత ఫియట్ అమ్ముతున్నారని తెలిసింది. ఆయనా వాయిదాలకు ఒప్పుకున్నారు. అక్కణ్ణుంచి మా ఇంట్లో మనశ్శాంతి లేదు.

మా ఆయన లాంటి మెతక మనిషి టాక్సీ స్టాండులో ఎలా నెగ్గుకొచ్చాడో నాకు అంతుపట్టదు. కంచం ముందు కూర్చున్నా అదే మాట. అంబాసిడరా, ఫియట్టా? అన్నం చల్లారేది, నాకు ఒళ్లు మండేది.

గొడవంతా ఆయన ఎడమ మోకాలిది. అంబాసిడర్ క్లచ్చి బండరాయిలా ఉండేది. రోజంతా తొక్కి తొక్కి మోకాలు వాచిపోయేది. నేను వేడినీళ్ల గుడ్డతో కాపడం పెడుతుంటే పళ్లు బిగపట్టుకునేవాడు. ఇలాగే తొక్కితే ఇక కాలు ముడవలేవని డాక్టరు గారే చెప్పారట. తన ఫియట్ అమ్ముకోడానికి చెప్పారేమోనని మొదట అనుమానపడ్డాను.

ఒకరోజు ఫియట్ నడిపి చూసొచ్చాడు. ఆ రోజు మొహం వెలిగిపోతోంది.

"క్లచ్చి ఎంత మెత్తగా ఉందనుకున్నావు సుగ్రా! కాలు ఆనిస్తే చాలు."

"మరింకేం? అదే కొను."

"కంకిపాడు జనాన్ని అందులో ఎక్కడ కుక్కను? నలుగురెక్కితే నిండిపోద్ది. మనకి అన్నం పెట్టేది ఆ లైనే కదా."

అదీ నిజమే. పెద్దవాళ్లనీ, ఒళ్లో పిల్లల్నీ, కాళ్ల దగ్గర కోళ్లగంపనీ ఒకే బండిలో సర్దుకుని కంకిపాడు పోతేగానీ మాకు రోజు గడిచేది కాదు.

"నీ కాలు కంటే ఆ లైను ఎక్కువా?"

"కాలు చూసుకుంటే తినేదేముంది?"

ఆ మాట నిజమైనందుకు ఆయన మీదే కోపం వచ్చింది.

అంబాసిడరే కొన్నాం. స్టాండులో మిఠాయి పంచాడు. ఓనరువయ్యావన్నారు అందరూ. నాకూ సంతోషమే, కాదనను.

నెల తిరక్కుండానే ఒక పొద్దున మోకాలు మొరాయించింది. నా భుజం పట్టుకుని లేచాడు. అయినా చొక్కా వేసుకుని, స్టాండులో పెట్టిన బండి తాళాలు తీసుకుని భవానీపురం వైపు కుంటుతూ బయల్దేరాడు. ఎక్కడికని అడిగినా ఆగలేదు. దారిలో కూలబడతాడేమోనని నేనూ వెనకే వెళ్లాను. వెంకటసుబ్బారావు గారి గుమ్మం ముందు ఆగి తాళాలు ఆయనకి అందించబోయాడు.

"ఇవాళ కాలు బాలేదండీ. ఇంకెవర్నైనా పంపండి."

పదేళ్లూ అంతే. ఒంట్లో బాగోలేని రోజు తాళాలు అక్కడ ఇచ్చేసేవాడు. బండి ఇంకో డ్రైవరు తీసుకెళ్లేవాడు. ఓనరుకి కట్టాల్సిన ఆ రోజు కిరాయి మా నెత్తిన పడేది కాదు.

పెద్దాయన తెల్లబోయి చూశారు. "నాకెందుకు మీరా? బండి నీదే కదా" అన్నారు మెల్లగా. అది వెక్కిరింపు కాదు, జాలే.

"అవునండీ, మర్చేపోయాను" అన్నాడు మా ఆయన.

రిక్షా పిలుస్తాను, ఇంటికి పోదామన్నాను. వాయిదా ఎవరు కడతారని వినలేదు. నా భుజం మీద చెయ్యేసి స్టాండు దాకా నడిచాడు. కంకిపాడు వెళ్లేవాళ్లు అప్పటికే బండి చుట్టూ నిలబడి ఉన్నారు. డోరు తీసి ఆయన్ని కూర్చోబెట్టాను. ఆ ఎడమ కాలిని రెండు చేతులతో ఎత్తి క్లచ్చి మీద పెట్టింది నేనే.