తిరగబడ్డ రూపాయి గుర్తు

నేను ఒక రేకు అచ్చును. రూపాయి గుర్తు ఆకారంలో నా పొట్టను కోసి పారేశారు. ఆ ఖాళీయే నా బతుకు. కోరుట్లలో బోర్డులు రాసే లక్ష్మీరాజం, ఆ గుర్తు కొత్తగా వచ్చిన ఏడాది, పేపర్లో బొమ్మ చూసి నూనె డబ్బా రేకు మీద నన్ను గీసి కత్తిరించాడు. అప్పుడు అతని వేలు తెగింది. నాకేం జాలి కలగలేదు. ముందు కోసింది నన్నే.

అతని చేతిలో నా అడ్డగీతలు లావుగా, కాలు కాస్త వంపుగా వచ్చాయి. అదే అందమని అతని నమ్మకం. ఊరంతా ఫ్లెక్సీలు వచ్చాక అతనికి మిగిలిన పెద్ద పని ఒక్కటే, సినిమా హాల్లో టికెట్ ధరల బోర్డు.

ఆ హాలుకు దామోదర్‌రావు అనే కొత్త మేనేజర్ వచ్చాడు. రంగు ఆరని బోర్డు ముందు నిలబడి ఫోన్ తీశాడు.

"ఏందయ్యా ఇది? గుర్తు గిట్లుంటదా? ఫోన్ల సూడు, ఎంత సన్నగుందో."

"ఒక్కో తాన ఒక్కో తీరుగుంటది సార్," అంటూ లక్ష్మీరాజం పక్కనున్న పేపరు చూపించాడు. అందులో గీతలు పొట్టిగా, కాలు నిటారుగా ఉన్నాయి. బిస్కెట్ ప్యాకెట్ చూపించాడు. దాని మీద గుర్తు బక్కగా, పక్కకు ఒరిగి ఉంది. "గిన్ని తీర్లున్నయ్. నాదొక్కటే తప్పెట్లయితది?"

నిజం అతని వైపే ఉంది. కానీ టికెట్లకు నిలబడ్డ జనం చూస్తున్నారు.

"నాకే నేర్పుతున్నవా? ఏనుగు కాళ్లేసి గుర్తంటవా? రేపటిసంది ఇటు రాకు. ఫ్లెక్సీ కొట్టిస్త."

మూడో రోజు ఫ్లెక్సీ వచ్చింది. డిజైన్ చేసిన కంప్యూటర్లోని ఫాంటు అచ్చువేసిన కంప్యూటర్లో లేదట. గుర్తు ఉండాల్సిన చోటల్లా నాలుగు గీతల ఖాళీ డబ్బా పడింది.

"బాల్కనీకి ఎన్ని డబ్బాలు సార్?" అని జనం ఎగతాళి మొదలుపెట్టారు.

మేనేజర్ కబురు పంపాడు. లక్ష్మీరాజం కుంచె లేకుండా వచ్చి, నన్ను బల్ల మీద విసిరికొట్టాడు.

"మంది ముంగట తిట్టినవ్. మంది ముంగటనే తప్పైందను, ఇప్పుడే రాసిస్త."

"నీతోని నాకు మాటలా? పో!"

లక్ష్మీరాజం నన్ను బల్ల మీదే వదిలి వెళ్లిపోయాడు. మేనేజర్ ఆ డబ్బాల మీద తెల్ల స్టిక్కర్లు అంటించి, నన్ను అదిమిపెట్టి ఎర్ర స్ప్రే కొట్టాడు. నా ముందు వైపేదో, వెనక వైపేదో అతనికి తెలియదు. నోరున్నా నేను చెప్పేదాన్ని కాదు. గుర్తులన్నీ అద్దంలో చూసినట్టు తిరగబడ్డాయి.

రోడ్డవతల చాయ్ తాగుతున్న లక్ష్మీరాజం అది చూశాడు. నవ్వుతాడనుకున్నాను. గ్లాసు వదిలేసి దాటొచ్చాడు. కిరసనాయిలు గుడ్డ అడిగి తెప్పించుకుని, తడి రంగునంతా బరబరా తుడిచేశాడు.

"నన్నంటే అన్నవ్ గని, గా గుర్తునెందుకు ఖరాబ్ జేస్తవ్?"

మేనేజర్ వైపు చూడకుండానే మెట్లు దిగాడు. నన్ను తీసుకుపోలేదు. మేనేజర్ విసిరేస్తే తెర వెనక చిరిగిన కుర్చీల కింద పడివున్నాను, ఎవరి మీదా మనసు మెత్తబడకుండా.

బోర్డు మీద వట్టి అంకెలే మిగిలాయి. ఆ రోజు ఆట హౌస్‌ఫుల్ అయింది. ఆ అంకెలు రూపాయలేనా అని ఒక్కరూ అడగలేదు.